పోలీసులు వెళ్లిపోయాక మిగిలే విషం

మత్తుమందును దొంగచాటుగా తయారుచేసే కేంద్రం పట్టుబడినప్పుడు పత్రికలు సరుకు బరువును, దాని మార్కెట్ విలువను, ముసుగులు వేసి నిలబెట్టిన నిందితుల ఫొటోను ప్రచురిస్తాయి. ఆ సరుకు తయారైన ఇల్లు గాని, లాడ్జి గది గాని, షెడ్డు గాని ఆ తరువాత ఏమైందన్నది ఎవరికీ వార్త కాదు. విచారణ పోలీసులది, శిక్ష న్యాయస్థానానిది, పట్టుబడిన సరుకును కాల్చివేయించే పద్ధతి కూడా చట్టంలో ఉన్నదే. మరి ఆవిర్లు పట్టిన గోడలను, ఆమ్లాలు పోసిన మురుగు గొట్టాలను, పెరట్లో ఒలకబోసిన ద్రావణాలను పీల్చుకున్న మట్టిని శుభ్రం చేయించవలసింది ఎవరన్న ప్రశ్నకు చాలా దేశాల చట్టాలలో ఈనాటికీ సూటి జవాబు లేదు. ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున ఎదుర్కొన్న దేశం అమెరికా. అక్కడ జవాబు వెతికే భారం కేంద్ర ప్రభుత్వం మీద కంటె కౌంటీల మీద, అంటే దాదాపు మన జిల్లాల స్థాయిలో పనిచేసే స్థానిక ప్రభుత్వాల మీద, వాటి ఆరోగ్య శాఖల మీద ఎక్కువగా పడింది.

మెథాంఫెటమైన్, వాడుకలో మెత్, నాడీమండలాన్ని తీవ్రంగా ఉద్రేకపరిచే కృత్రిమ మత్తుమందు. గంజాయి, నల్లమందు మాదిరిగా పొలంలో పండేది కాదు గనుక దీనికి కొండలూ అడవులూ అక్కరలేదు. తలుపు వేసుకోగల గది ఒకటి ఉంటే చాలు. జలుబు మాత్రలలో ఉండే సూడోఎఫెడ్రిన్ అనే మందు దీనికి ముడిసరుకు కావడం, తక్కిన రసాయనాలలో చాలా భాగం మామూలు దుకాణాలలోనే దొరకడం వల్ల 1990ల నాటికి అమెరికా పడమటి రాష్ట్రాలలోను, ఆ తరువాత మధ్యభాగపు పల్లెలలోను వంటగదులే కార్ఖానాలుగా మారిపోయాయి. ఒక కిలో మెత్ తయారైన చోట అయిదారు కిలోల విషవ్యర్థం మిగులుతుందని అక్కడి అధికారుల అంచనా. ఆ వ్యర్థానికి లైసెన్సు గల పరిశ్రమకు ఉండే దారులేవీ ఉండవు కాబట్టి అది సింకులోకో, మరుగుదొడ్డిలోకో, పక్కనున్న వాగులోకో, రోడ్డు పక్క తుప్పల్లోకో పోతుంది. మాదకద్రవ్యాల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ డీఈఏ లెక్కల ప్రకారం 2004లో ఒక్క ఏడాదిలోనే దేశం మొత్తం మీద ఇటువంటి ఉదంతాలు సుమారు 24 వేలు నమోదయ్యాయి. ఈ లెక్కలో పనిచేస్తున్న ల్యాబులతో పాటు సామగ్రి మాత్రమే దొరికిన చోట్లు, వ్యర్థాలు పారబోసిన చోట్లు కూడా చేరి ఉన్నాయి.

విషం ఇంటినిండా ఎలా పరుచుకుంటుందో తెలిస్తే గాని శుద్ధి విధానాల అవసరం బోధపడదు. తయారీలో రసాయనాలను వేడిచేసినప్పుడు ద్రావకాల ఆవిర్లు, ఆమ్లపు ఆవిర్లు, అయొడిన్ ఆవిరి, కొన్ని పద్ధతులలో ప్రాణాంతకమైన ఫాస్ఫీన్ వాయువు వెలువడతాయి. వీటిలో త్వరగా ఆవిరైపోయేవి గాలి వెలుతురు సోకితే కొన్నాళ్లకు తగ్గిపోతాయి. మెత్ మాత్రం అలా పోదు. అది కంటికి కనిపించని తుంపరగా గాలిలో తేలి, చల్లబడగానే గోడల మీద, పైకప్పు మీద, కర్టెన్ల మీద, ఏసీ గొట్టాల లోపల పలుచటి పొరగా అంటుకొని నెలల తరబడి అక్కడే ఉంటుంది. డెన్వర్ నగరంలోని నేషనల్ జ్యూయిష్ వైద్య పరిశోధనా సంస్థకు చెందిన జాన్ మార్టినీ బృందం 2000ల తొలి ఏళ్లలో పోలీసుల సహకారంతో, పట్టుబడిన ల్యాబులలోనే కొలతలు తీసింది. తయారీ జరిగిన గదిలోనే కాక, రసాయనాల ఊసే లేని పక్క గదులలో కూడా అవశేషాలు దొరకడం ఆ పరిశోధనలో అందరినీ కలవరపెట్టిన సంగతి. నేల మీద పాకే వయసు పిల్లలు ముట్టుకున్న ప్రతి వస్తువునూ, ఆ చేతినీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి పరిమితులను లెక్కగట్టిన శాస్త్రవేత్తలు పెద్దవారిని కాక పిల్లలనే ప్రమాణంగా తీసుకున్నారు.

ఇక్కడ సామాన్యులు తరచు పొరబడే విషయం ఒకటి ఉంది. దాడి జరిగిన రోజున రక్షణ దుస్తులు, గాలి ముసుగులు తొడుక్కున్న సిబ్బంది వచ్చి డబ్బాలను, సీసాలను, గొట్టాలను, మిగిలిన రసాయనాలను ప్రత్యేక వాహనాలలో ఎక్కించుకొని పోతారు. దీనిని స్థూల తొలగింపు అనవచ్చు. ఇది సాక్ష్యాల సేకరణకు, తక్షణ అగ్నిప్రమాద నివారణకు ఉద్దేశించిన పని మాత్రమే. గోడలకు, నేలకు, గొట్టాలకు పట్టిన అవశేషాల జోలికి అది పోదు. అవశేషాల శుద్ధి వేరే పని, దాని ఖర్చు వేరు, అది చేసేవారు వేరు. లారీ వెళ్లిపోగానే ఇల్లు బాగుపడిందనుకొని తాళం తీసి, సున్నం కొట్టించి, కొత్తవారికి అద్దెకిచ్చిన యజమానులు అమెరికాలో కోకొల్లలు.

మొదటి పనికి చాలాకాలం కేంద్ర నిధులు ఊతమిచ్చాయి. స్థానిక పోలీసు శాఖలు ల్యాబును పట్టుకొని డీఈఏకు కబురు చేస్తే, ఆ సంస్థ ఒప్పందం కుదుర్చుకున్న కంపెనీలు వచ్చి వ్యర్థాలను తీసుకుపోయేవి. 2011 ఫిబ్రవరిలో ఆ నిధి అడుగంటింది. ఒక్కొక్క ల్యాబుకు వేల డాలర్లయ్యే ఖర్చు రాత్రికి రాత్రి చిన్న చిన్న కౌంటీల నెత్తిన పడడంతో కొన్నిచోట్ల ల్యాబుల కోసం వెతకడమే తగ్గిపోయిందన్న విమర్శ వచ్చింది. పట్టుకుంటే ఖర్చు, పట్టుకోకపోతే పేచీ లేదు అన్న స్థితి వస్తే ఏ వ్యవస్థ అయినా ఏ దారి పడుతుందో ఊహించడం కష్టం కాదు. శిక్షణ పొందిన పోలీసులే వ్యర్థాలను నిర్వీర్యం చేసి, భద్రమైన డబ్బాలలో ఒక కేంద్ర స్థలానికి చేర్చి, అక్కడినుంచి ఒకేసారి తరలించే ఏర్పాటును కెంటకీ, టెన్నెసీ వంటి రాష్ట్రాలు చేపట్టిన తరువాతనే ల్యాబుకయ్యే ఖర్చు కొన్ని వందల డాలర్లకు దిగింది.

రెండో పని, అంటే అవశేషాల శుద్ధి, ఎలా జరగాలో చెప్పే చట్టాలలో వాషింగ్టన్ రాష్ట్రం 1990లో చేసినది ముందుతరానికి చెందినది. దాని నిర్మాణం సరళమైనది, గడువులు కచ్చితమైనవి. ల్యాబు సంగతి తెలిసిన పోలీసు శాఖ స్థానిక ఆరోగ్యాధికారికి తెలియజేయాలి. సమాచారం అందిన తరువాత ఒక పనిదినంలోగా ఆ అధికారి తలుపు మీద హెచ్చరిక నోటీసు అంటించాలి. పద్నాలుగు రోజులలోగా ఆ స్థలాన్ని తనిఖీ చేయాలి. కలుషితమైనట్టు తేలితే ఆ ఆస్తి వాడకానికి పనికిరాదని ఉత్తర్వు ఇస్తారు; యజమానికి అభ్యంతరం ఉంటే విచారణ కోరే హక్కు ఉంటుంది. శుద్ధి చేయదలచిన యజమాని రాష్ట్ర ఆరోగ్య శాఖ గుర్తింపు పొందిన కాంట్రాక్టరునే నియమించుకొని, ఆ కాంట్రాక్టరు తయారుచేసిన పని ప్రణాళికను ఆరోగ్యాధికారికి సమర్పించి, ఆమోదం పొందిన తరువాతనే పని మొదలుపెట్టాలి. ఆస్తి అన్న మాటకు ఈ చట్టం ఇచ్చిన అర్థం కూడా విశాలమైనదే: ఇళ్లతో పాటు హోటలు గదులు, సామాను దాచుకునే అద్దె గదులు, కార్లు, పడవలు, చక్రాల మీద నడిచే ఇళ్లు అన్నీ దాని కిందికి వస్తాయి. కాలిఫోర్నియా ఇదే తోవలో 2005లో చట్టం చేసి 2006 జనవరి నుంచి అమలులో పెట్టింది. శుద్ధి పూర్తయ్యేదాకా ఆ ఆస్తిని కొనబోయేవారికి, అద్దెకు రాబోయేవారికి ఉత్తర్వు సంగతి రాతపూర్వకంగా చెప్పి తీరాలని కూడా విధించింది. 2020 నుంచి ఫెంటానిల్ అనే మరింత ప్రమాదకరమైన మత్తుమందును కూడా అదే చట్టం పరిధిలోకి తెచ్చింది.

శుద్ధి ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడవలసిందే. మొదట కిటికీలన్నీ తెరిచి కనీసం ఒక రోజు పాటు గాలి ఆడనిస్తారు. ఏసీ యంత్రాన్ని మాత్రం నడపరు, నడిపితే ఒక గదిలోని విషం అన్ని గదులకూ పాకుతుంది. తరువాత కార్పెట్లు, పరుపులు, కర్టెన్లు, దూదితో కుట్టిన సోఫాలు, పిల్లల గుడ్డబొమ్మలు తీసివేసి పారవేస్తారు. ఇటువంటి మెత్తని వస్తువులను ఎంత ఉతికినా లోపలికి ఇంకినది పోదు. రంగు మారిన గోడ పలకలను ఊడదీస్తారు. మిగిలిన తలాలను అతి సన్నని ధూళిని కూడా పట్టగల వాక్యూమ్ యంత్రంతో పీల్పించి, సబ్బునీటితో మూడుసార్లు కడుగుతారు. పైకప్పుతో మొదలుపెట్టి గోడలు, చివరకు నేల, ప్రతిసారీ మంచినీటితో తుడిచి గుడ్డ మారుస్తూ సాగే పని ఇది. కడిగిన నీటిని కూడా పట్టి ఉంచి, ప్రమాదకరమా కాదా తేల్చి, అందుకు తగినట్టు వదిలించుకోవాలి. మురుగు గొట్టాలను నీటితో కడిగిస్తారు, సెప్టిక్ ట్యాంకు ఉంటే అందులోనుంచి నమూనా తీస్తారు. బ్లీచింగ్ పొడి, బ్లీచింగ్ ద్రవాలు వాడవద్దని మార్గదర్శకాలు చెబుతాయి. గోడల మీది రసాయనాలతో కలిసి అవి ఇంకేం పుట్టిస్తాయో కచ్చితంగా తెలియదు, ఆమ్లంతో కలిస్తే మాత్రం క్లోరిన్ వాయువు పుడుతుంది.

కడగడం పూర్తయ్యాక పరీక్ష. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు రంధ్రమున్న చట్రాన్ని గోడకు ఆనించి, ఆల్కహాలులో తడిపిన గాజుగుడ్డతో ఆ చతురస్రాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడిచి, ఆ గుడ్డను మూతగల సీసాలో వేసి, చీటీ అంటించి, ప్రయోగశాలకు పంపుతారు. వంద చదరపు సెంటీమీటర్ల ఆ గోడ ముక్కలో ఎన్ని మైక్రోగ్రాముల మెత్ ఉన్నదో, అంటే గ్రాములో పదిలక్షల వంతు చొప్పున ఎంత ఉన్నదో ప్రయోగశాల చెబుతుంది. అది పరిమితికి లోపల ఉంటేనే ఆరోగ్యాధికారి ఉత్తర్వు ఎత్తివేస్తారు. రంగు వేయడం అన్నిటికన్నా చివర జరగవలసిన పని. ముందే రంగు వేస్తే పుండు కడగకుండా కట్టు కట్టినట్టే అవుతుంది. పసుపు, గోధుమ రంగు అయొడిన్ మరకలు కొన్నాళ్లకు కొత్త రంగును దాటుకొని పైకి వచ్చిన ఇళ్లు ఉన్నాయి.

ఈ శ్రమంతటికీ డబ్బు పెట్టవలసినది ఎవరు? నేరం చేసినవాడు పెట్టాలని న్యాయం చెబుతుంది, కాని అతడు జైల్లో ఉంటాడు, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అందువల్ల అమెరికన్ చట్టాలలో చాలా భాగం భారాన్ని ఆస్తి యజమాని మీద పెట్టాయి. ఇల్లు అద్దెకిచ్చి, నెలనెలా కిరాయి తీసుకోవడం తప్ప వేరే పాపం ఎరుగని యజమానికి ఇది అన్యాయంగా తోచడం సహజం. కాలుష్యం తమ పరిధిలోకి రాదని బీమా కంపెనీలు చేతులు దులుపుకోవడం ఆ బాధకు తోడు. అయినా చట్టం యజమానినే పట్టుకోవడానికి కారణం ఉంది: ఆస్తి కదలదు, యజమాని పేరు రికార్డులో ఉంటుంది, శుద్ధి వల్ల పెరిగే విలువ కూడా అతనికే దక్కుతుంది. యజమాని మొండికేస్తే స్థానిక ప్రభుత్వమే పని చేయించి, ఖర్చును ఆస్తిపన్ను బకాయిలాగే ఆ ఆస్తి మీద మోపి వసూలు చేసుకోవచ్చు. ఈ ఏర్పాటు మంచి ధర పలికే ఇళ్ల విషయంలో చక్కగా పనిచేసింది. చక్రాల ఇళ్లు, పాడుబడిన పల్లె ఇళ్ల విషయంలో చతికిలబడింది. శుద్ధి ఖర్చు ఇంటి ధరను మించినప్పుడు యజమాని ఇంటిని వదిలేసి పోతాడు, కౌంటీ తన డబ్బు పెట్టినా అమ్మితే తిరిగి రాదు, చివరికి తలుపు మీద నోటీసుతో ఆ కొంప ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉంటుంది.

డబ్బు కంటె చిక్కైన ప్రశ్న అంకెది. ఎంత తగ్గితే శుభ్రమైనట్టు? తొలిరోజుల్లో వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు వంద చదరపు సెంటీమీటర్లకు 0.1 మైక్రోగ్రాము అన్న పరిమితిని పెట్టుకున్నాయి. ఈ అంకె ఏ జబ్బుతోనూ ముడిపడి పుట్టినది కాదు. ప్రయోగశాలలు నమ్మకంగా కొలవగల అత్యల్ప మోతాదుకు దగ్గరగా ఉందని తీసుకున్నది మాత్రమే. కొలరాడో 0.5 అన్నది. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చంటిపిల్లల మీద ప్రభావాన్ని లెక్కగట్టి 1.5 చాలునని తేల్చారు, తరువాత వాషింగ్టన్ కూడా ఆ అంకెకే వచ్చింది. కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ 2007 నాటి పరిశోధనా చట్టం ఆదేశం మేరకు 2009లో శుద్ధి మార్గదర్శకాలను ప్రచురించినా, వాటిని పాటించడం స్వచ్ఛందమే. పరిమితిని మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. ఒకే గోడ ఒక రాష్ట్రంలో శుభ్రమైనదిగా, సరిహద్దు దాటితే కలుషితమైనదిగా లెక్కకు రావడం ఈ ఉదారత ఫలం.

అంకె తప్పితే ఎంత అనర్థం జరుగుతుందో న్యూజిలాండ్ చూపించింది. అక్కడి ఆరోగ్య శాఖ 2010లో ల్యాబులు నడిచిన ఇళ్ల శుద్ధి కోసం 0.5 మైక్రోగ్రాముల పరిమితిని సూచించింది. అయితే క్రమంగా ఆ పరిమితిని ల్యాబులకే కాక, ఎవరో ఎప్పుడో మెత్ పొగ తాగిన ఇళ్లకు కూడా అన్వయించడం మొదలైంది. ఇళ్లు పరీక్షించే వ్యాపారం పుట్టగొడుగుల్లా పెరిగింది. పేదలకు ఇళ్లు అద్దెకిచ్చే ప్రభుత్వ సంస్థ హౌసింగ్ న్యూజిలాండ్ కొద్దిపాటి అవశేషం కనిపించినా అందులో ఉన్నవారిని ఖాళీ చేయించింది. ఆ అవశేషం వారి వల్ల వచ్చిందో, వారికి ముందున్నవారి వల్ల వచ్చిందో తేల్చకుండానే కొందరి మీద శుద్ధి ఖర్చులు మోపింది. 2017లో కొత్త ప్రమాణం పరిమితిని 1.5కు పెంచినా తీరు మారలేదు. 2018 మే నెలలో ప్రధానమంత్రికి ముఖ్య శాస్త్ర సలహాదారుగా ఉన్న పీటర్ గ్లక్‌మన్ సమర్పించిన నివేదిక ఈ భయాన్నంతటినీ తలకిందులు చేసింది. పొగ తాగడం వల్ల గోడలకు పట్టిన అవశేషంతో అక్కడ నివసించేవారికి జబ్బు వచ్చినట్టు ఆధారాలు లేవని, ల్యాబు నడిచినదన్న అనుమానమో, అతిగా వాడిన ఛాయలో లేనప్పుడు పరీక్షలే అవసరం లేదని, 15 మైక్రోగ్రాముల దాకా ఆందోళన పడనక్కరలేదని ఆ నివేదిక చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో హౌసింగ్ న్యూజిలాండ్ సుమారు 800 మంది అద్దెదారులకు క్షమాపణ చెప్పి పరిహారం ఇవ్వడానికి ఒప్పుకొంది. నిజమైన ల్యాబుకూ, పొగ వాసన పట్టిన గదికీ తేడా చూడని విధానం ప్రజారోగ్యం పేరుతో పేదల నెత్తి మీద పడిందన్నది ఈ ఉదంతంలో కాదనలేని నిజం. అలాగని గ్లక్‌మన్ నివేదికను చూపించి ల్యాబుల శుద్ధినే అనవసరమనడం కూడా అంతే పొరబాటు; తయారీ జరిగిన చోట మెత్ ఒక్కటే కాదు, ద్రావకాలు, ఆమ్లాలు, కొన్ని పద్ధతులలో పాదరసం, సీసం కూడా మిగులుతాయి.

అమెరికాలో ఇప్పుడు ఇంటి ల్యాబులు బాగా తగ్గాయి. 2006 మార్చిలో చేసిన కేంద్ర చట్టం సూడోఎఫెడ్రిన్ మాత్రలను మందుల దుకాణంలో కౌంటరు వెనక్కి చేర్చి, గుర్తింపు కార్డు చూపించి, రోజుకు 3.6 గ్రాములకు మించకుండా మాత్రమే కొనుక్కోవాలని విధించింది. చిన్నస్థాయి తయారీ కొన్నాళ్లు కొత్త రూపంలో తిరిగి తలెత్తినా, మెక్సికోలోని భారీ కేంద్రాలనుంచి వచ్చే చవక సరుకు ముందు నిలవలేక, 2019 నాటికి దేశం మొత్తం మీద ఉదంతాలు వెయ్యి లోపుకు పడిపోయాయి. శుద్ధి చట్టాలకు మాత్రం పని పూర్తిగా పోలేదు. ఫెంటానిల్ మాత్రలు ఒత్తే గదులు ఆ ఖాళీని కొంతవరకు భర్తీ చేశాయి.

ఈ కథ తెలుగువారికి దూరపుది కాదు. బల్క్ డ్రగ్ పరిశ్రమకు పేరుపడిన హైదరాబాద్ పరిసరాలలో రసాయనాలు తెలిసిన పనివారు, రియాక్టర్లు, మూతబడిన యూనిట్లు అందుబాటులో ఉండడం అక్రమ తయారీదారులకు కలిసివచ్చింది. నిద్రలేమికి, ఆందోళనకు వైద్యులు రాసే ఆల్ప్రాజోలం అనే మందును తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతారన్నది అందరికీ తెలిసిన రహస్యమే; 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు పాఠశాల భవనంలోనే ఆల్ప్రాజోలం తయారవుతున్నట్టు తెలంగాణ పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగం ఈగల్ బయటపెట్టింది. కింద తరగతులు, పైన రసాయనాలు. ఆ నెలలోనే చర్లపల్లిలో ఒక రసాయన యూనిట్ మీద మహారాష్ట్ర పోలీసులు దాడి చేసి మెఫెడ్రోన్ అనే మత్తుమందు తయారీని పట్టుకున్నామన్నారు. ఉత్తరాన 2023లో గ్రేటర్ నోయిడాలోని అద్దె ఇంట్లో, 2024 అక్టోబరులో భోపాల్ సమీపపు పారిశ్రామిక వాడలో బయటపడినవి కూడా ఈ కోవలోవే.

ఈ దాడుల తరువాత మన చట్టాలు ఏం చెబుతాయి? 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 52ఏ సెక్షన్ పట్టుబడిన మత్తుమందులను, రసాయనాలను నమూనాలు తీసి, మేజిస్ట్రేటు ధ్రువీకరణతో త్వరగా నాశనం చేసే పద్ధతిని నిర్దేశిస్తుంది. గోడల ఊసు అందులో లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు బాధ్యతను ‘ఆక్యుపయర్’ మీద, అంటే ఆ స్థలాన్ని తన అదుపులో ఉంచుకొని నడిపించేవారి మీద పెడతాయి. అవి అనుమతి తీసుకొని నడిచే పరిశ్రమను ఊహించుకొని రాసినవే గాని, అనుమతే లేని దొంగ కార్ఖానాను ఊహించుకొని రాసినవి కావు. దుండిగల్‌లోను, విశాఖ దగ్గర పరవాడలోను ప్రమాదకర వ్యర్థాలను భద్రపరిచే కేంద్రాలు ఉన్నాయి కాబట్టి స్థూల తొలగింపుకు మార్గం లేకపోలేదు. 2025 జూలైలో కేంద్రం ప్రకటించిన కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలు ఒక అడుగు ముందుకు వేసి, అనుమానిత ప్రదేశాల జాబితాను తయారుచేసి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలసిన పనిని స్థానిక సంస్థకు లేదా జిల్లా యంత్రాంగానికి అప్పగించాయి, కాలుష్యానికి కారకులైనవారే ఖర్చు భరించాలన్నాయి. అయితే వాటి దృష్టి ప్రధానంగా నేల, నీటి మీద ఉంది. తరగతి గది గోడ మీద, పడకగది పైకప్పు మీద ఎంత అవశేషం ఉంటే పిల్లలను కూర్చోబెట్టవచ్చో చెప్పే అంకె వాటిలో కనిపించదు.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన అవసరం మాత్రం లేదు. ప్రజలకు హాని కలిగించే స్థితిని తొలగించమని ఆస్తి యజమానిని గాని, స్థానిక సంస్థను గాని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 133 సెక్షన్ కింద ఉండేది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 152 సెక్షన్ కింద ఉంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కంపు భరించలేని పౌరులు ఈ అధికారాన్నే ఆశ్రయించినప్పుడు, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు మునిసిపాలిటీ డబ్బు లేదన్న సాకుతో తన విధిని తప్పించుకోజాలదని తేల్చిచెప్పింది. అంటే ల్యాబు పట్టుబడిన మరునాడే పోలీసులు మునిసిపల్ కమిషనరుకు లేదా పంచాయతీ అధికారికి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేసేటట్టు, నమూనాల పరీక్ష పూర్తయ్యేదాకా ఆ భవనం మూసి ఉండేటట్టు, యజమాని శుద్ధి చేయించకపోతే పురపాలక సంఘమే చేయించి ఆస్తిపన్నుతో పాటు వసూలు చేసేటట్టు ప్రభుత్వాలు ఒక్క ఉత్తర్వుతో ఏర్పాటు చేయవచ్చు. ఇందుకు వాషింగ్టన్ నుంచి గడువులను, కాలిఫోర్నియా నుంచి కొనుగోలుదారుకు, అద్దెదారుకు చెప్పి తీరాలన్న నియమాన్ని తీసుకోవచ్చు. న్యూజిలాండ్ చేసిన పొరబాటు చేయకుండా ఉండాలంటే పరిమితులను నిర్ణయించే పనిని దేశంలోని విషశాస్త్ర నిపుణులకే వదలాలి. మన దగ్గర దొరుకుతున్నవి ఆల్ప్రాజోలం, మెఫెడ్రోన్ కాబట్టి మెత్ కోసం పుట్టిన అంకెలను యథాతథంగా అతికించుకోవడం కుదరదు.

ఆ ఉత్తర్వు వచ్చేలోగా, ఇంటి పక్కనో, పిల్లలు చదివే బడి సమీపంలోనో ల్యాబు పట్టుబడిందని తెలిసినవారు ఆ భవనం తిరిగి తెరుచుకోకముందే పురపాలక కార్యాలయానికి, కాలుష్య నియంత్రణ మండలికి ఒక దరఖాస్తు పెట్టడం మంచిది: లోపల నమూనాలు తీసినదెవరు, ఏ ప్రయోగశాల పరీక్షించింది, శుద్ధి చేయించినదెవరు, వ్యర్థం ఎక్కడికి పోయింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రుసుము పది రూపాయలే, జవాబు ముప్పై రోజులలో ఇవ్వాలి.